విజ్ఞాన వీచిక: ప్రాసెసరుపై వాటర్ బ్లాక్ – బిగింపులోనే ఉంది బిగువంతా



ఎండలు ముదిరే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే లేఖల్లో కంప్యూటర్ల ప్రస్తావన ఎక్కువవుతున్నది. టౌన్‌షిప్పు నుంచి ఒక ఉద్యోగి వ్రాసిన లేఖ వాటిలో ముఖ్యమైనది. ఆయన కుమార్తె ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉన్నది. ఇంట్లో ఉన్న ఒకే ఒక కంప్యూటరు మీద ఆమె ప్రాజెక్టు సాగుతున్నది. యంత్రభాగాల నమూనాలు గీసి, వాటిపై పడే బలాల ప్రభావాన్ని లెక్కకట్టే పని అది. ఒక్కొక్క లెక్క గంటల తరబడి నడవాలి. మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటరు మందగిస్తున్నది, ఒక్కొక్కప్పుడు ఆగిపోతున్నది. ప్రాసెసరుకు వాటర్ కూలింగ్ పెట్టించమని దుకాణదారు సలహా ఇచ్చాడట. కరెంటుతో నడిచే పెట్టెలోకి నీళ్లు పంపటం క్షేమమేనా, దానిని మనమే బిగించుకోవచ్చునా అని ఆ తండ్రి ప్రశ్న.

న్యాయమైన ప్రశ్నే. అయితే కర్మాగారంలో పనిచేసేవారికి ఈ ఏర్పాటు పూర్తిగా కొత్తదేమీ కాదు. బ్లాస్ట్ ఫర్నేసులోకి వేడిగాలిని ఊదే రాగి ట్వియర్లు కరిగిపోకుండా నిలిచేది వాటి లోపల ప్రవహించే నీటివల్లనే. 500 మెగావాట్ల తరగతి విద్యుత్ జనరేటర్లలో స్టేటరు చుట్టల బోలు రాగి కడ్డీల గుండా లవణాలు తొలగించిన నీరు ప్రవహిస్తుంది. అనగా వేల వోల్టులు మోస్తున్న రాగిలోనే నీరు నడుస్తున్నది. నీరు, విద్యుత్తు పక్కపక్కన ఉండటం ప్రమాదం కాదు. వాటి మధ్య హద్దు చెరగటమే ప్రమాదం.

ఈ ఏర్పాటులో ప్రాసెసరుపై కూర్చునే రాగి దిమ్మను వాటర్ బ్లాక్ అంటారు. దానిని బిగించే విధానాన్ని ఈ నెల తెలుసుకుందాం. ఒక్క మాట ముందే మనవి చేయాలి. నీరు ఎంత వేడినైనా మోసుకుపోగలదు. కాని ఆ వేడి ముందుగా నీటిని చేరాలి. చేరుతుందా లేదా అన్నది ప్రాసెసరుకు, బ్లాకుకు మధ్య ఉన్న వెంట్రుక మందం జాగాలో తేలుతుంది. ఖరీదైన పంపు, అందమైన గొట్టాలు, రంగుల దీపాలు ఇవన్నీ ఆ తరువాతివే.

ఇంత వేడి ఎక్కడిది?

1993లో వచ్చిన తొలి పెంటియం ప్రాసెసరు 15 వాట్ల ప్రాంతంలో విద్యుత్తును వాడేది. ఒక చిన్న లోహపు పలక, దానిపై ఒక చిన్న ఫ్యాను ఉంటే సరిపోయేది. 2023లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-14900కె ప్రాసెసరు పూర్తి వేగంతో నడిచేటప్పుడు తయారీదారు చెప్పిన పరిమితి ప్రకారమే 253 వాట్ల దాకా తీసుకుంటుంది. ప్రాసెసరు తీసుకున్న విద్యుత్తంతా చివరికి వేడిగానే మారుతుంది. అది వేరే పని ఏదీ చేయదు. బరువులు ఎత్తదు, చక్రం తిప్పదు.

253 వాట్లంటే మూడు నాలుగు పాతకాలపు బల్బుల వేడి. అంత మాత్రానికే ఈ హంగామా ఎందుకని అనిపించవచ్చు. చిక్కంతా వైశాల్యంలో ఉన్నది. ఇస్త్రీపెట్టె 1000 వాట్లను సుమారు 200 చదరపు సెంటీమీటర్ల అడుగుభాగం మీద పరుస్తుంది. చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రాసెసరులోని సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అక్కడ చదరపు సెంటీమీటరుకు 100 వాట్లు పుడుతున్నాయి. ఇస్త్రీపెట్టెకు ఇరవై రెట్లు! ఇస్త్రీపెట్టె వేడెక్కటం కోసమే పుట్టింది. ఈ సిలికాన్ ముక్క మాత్రం 100 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు.

దాటబోతే ఏమవుతుంది? నేటి ప్రాసెసర్లు వెంటనే కాలిపోవు. వాటిలోనే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు ఉంటుంది. హద్దు దగ్గరపడగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటరును ఆపివేస్తుంది. పై లేఖలో చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే. అది జబ్బు కాదు, రక్షణ. కాని గంటలో ముగిసే లెక్క రెండు గంటలు పడితే, లేక మధ్యలో ఆగిపోతే, విద్యార్థికి కలిగే నష్టం నష్టమే.

నీరు చేయగలిగేది, చేయలేనిది

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించటానికి సుమారు 4,180 జౌళ్ల శక్తి కావాలి. అదే పరిమాణంలో ఉన్న గాలితో పోలిస్తే ఇది దాదాపు 3,500 రెట్లు. నిమిషానికి ఒక లీటరు నీరు బ్లాకు గుండా ప్రవహిస్తూ 250 వాట్లను మోసుకుపోతున్నప్పుడు ఆ నీటి ఉష్ణోగ్రత పెరిగేది మూడున్నర డిగ్రీలే. ఇంత తక్కువ ప్రవాహంతో ఇంత వేడిని మోయగలిగే ద్రవం, అదీ ఇంత చవకగా, ప్రకృతిలో మరొకటి దొరకదు.

అయితే నీరు వేడిని మాయం చేయదు. ఒక చోటి నుంచి మరొక చోటికి చేరవేస్తుంది. బ్లాకులో వేడెక్కిన నీరు గొట్టం ద్వారా రేడియేటరుకు పోతుంది. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని గదిలోని గాలికి అప్పగిస్తాయి. చల్లబడిన నీటిని పంపు మళ్లీ బ్లాకుకు పంపుతుంది. మోటారు వాహనం ఇంజనులోనూ ఇదే పద్ధతి.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉన్నది. నీటి పేరు చెప్పగానే మట్టికుండలోని చల్లదనం మన మనసులో మెదులుతుంది. కుండ నీరు గదికన్నా చల్లగా ఉండటానికి కారణం కుండ గోడల నుంచి కొంత నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోవటం. పవర్ ప్లాంటులోని కూలింగ్ టవర్ చేసేదీ అదే. కాని కంప్యూటరులోని నీరు మూసిన గొట్టాలలో తిరుగుతుంది, ఆవిరి కాదు. కనుక అది గది ఉష్ణోగ్రత కన్నా చల్లబడటం అసంభవం. వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులున్న రామగుండం వంటి చోట, ఏ.సి. లేని గది మధ్యాహ్నం 40 డిగ్రీలు ఉన్నదనుకుందాం. పూర్తి భారంలో నీరు దానికి 10 డిగ్రీలు పైన, అనగా 50 వద్ద నిలుస్తుంది. ప్రాసెసరు ఆ నీటికన్నా మరో 35 డిగ్రీలు పైన ఉంటే 85 అవుతుంది. హద్దుకు లోపే కాని, చల్లదనం మాత్రం కాదు. వాటర్ కూలింగ్ పెట్టిన గదికి గాలి అక్కరలేదనుకోవటం పొరపాటు.

నీటిలో ఐసు ముక్కలు వేసే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోవాలి. విశాఖపట్నం వంటి కోస్తా ఊళ్లలో గాలిలో తేమ అధికం. గొట్టం, బ్లాకు గదికన్నా బాగా చల్లబడితే, చల్లని గ్లాసు పైన నీటి బిందువులు చేరినట్లే వాటిపైనా చేరి మదర్‌బోర్డు మీదకు జారుతాయి. ఒక్క చుక్క కారకపోయినా తడి మాత్రం తప్పదు.

పాత విద్యే, కొత్త ఇంట

కంప్యూటర్లను నీటితో చల్లబరచటం నిన్న మొన్నటి మాట కాదు. 1980లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 3081 పెద్ద కంప్యూటరులో నూరుకు పైగా చిప్‌లను ఒకే మాడ్యూలులో అమర్చి, ప్రతి చిప్‌ వెనుక స్ప్రింగుతో ఒత్తి ఉంచిన చిన్న లోహపు పిస్టన్‌ను ఆనించారు. పిస్టన్లు గ్రహించిన వేడిని పైనున్న నీటి పలక తీసుకుపోయేది. ఆ మాడ్యూలు లోపల గాలికి బదులు హీలియం వాయువు నింపారు. గాలి కన్నా హీలియం ఉష్ణవాహకత సుమారు ఆరు రెట్లు ఎక్కువ. పిస్టనుకు, చిప్‌కు మధ్య ఉండే సన్నని సందు గురించే వారి బెంగ అంతా! 1981లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టకర్‌మన్, పీజ్ అనే ఇద్దరు పరిశోధకులు సిలికాన్‌లోనే అతి సన్నని కాలువలు చెక్కి, వాటి గుండా నీటిని పంపి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని తొలగించి చూపారు. నేడు బజారులో దొరికే ప్రతి వాటర్ బ్లాకు లోపలి సన్నని కాలువలకు మూలసూత్రం అదే.

1990లలో సీమాస్ రకపు చిప్‌లు రావటంతో విద్యుత్ వాడకం తగ్గి, పెద్ద కంప్యూటర్లు మళ్లీ గాలికే మళ్లాయి. వేగం పెరిగి వేడి తిరిగి వచ్చేసరికి నీరు కూడా తిరిగి వచ్చింది. 2008లో ఐ.బి.ఎం. పవర్ 575 యంత్రంలో చిప్‌లపై నీటి పలకలను మళ్లీ అమర్చారు. 2012లో జర్మనీలో మ్యూనిక్ సమీపాన నెలకొల్పిన సూపర్‌మక్ కంప్యూటరును వెచ్చని నీటితోనే చల్లబరచి, ఆ వేడిని భవనాలను వెచ్చబరచటానికి వాడారు. మన దేశంలో పూణేలోని ఐసర్ విద్యాసంస్థలో 2019లో ప్రారంభమైన పరమ్ బ్రహ్మ సూపర్ కంప్యూటరులోనూ ద్రవశీతలీకరణ పద్ధతినే అనుసరించారు.

కొనే ముందు ఆలోచించవలసినవి

మొదటి ప్రశ్న: మనకు ఇది అవసరమా? ఉత్తరాలు, లెక్కలు, పిల్లల పాఠాలు, బ్యాంకు పనుల కోసం వాడే కంప్యూటరుకు ఎంతమాత్రం అవసరం లేదు. పై లేఖ వ్రాసిన సోదరునికి మా సలహా, ముందుగా ఖర్చు లేని మూడు పనులు చేసి చూడమని. ఒకటి, కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, ఇప్పుడున్న కూలరు రెక్కల మధ్య దుమ్మును శుభ్రం చేయటం. కర్మాగారం దాపున ఉన్న మన టౌన్‌షిప్పులలో దుమ్ము ఎంతగా చేరుతుందో చెప్పనక్కరలేదు. రెండు, క్యాబినెట్‌ను గోడకు, బీరువాకు దూరంగా జరపటం. మూడు, కంప్యూటరు ప్రారంభ అమరికలలో, అనగా బయోస్‌లో, ప్రాసెసరు విద్యుత్ పరిమితిని తగ్గించటం. 253 వాట్ల ప్రాసెసరును 125 వాట్లకు కట్టడి చేస్తే వేడి సగమవుతుంది. వేగం మాత్రం సగం కాదు, అంతకన్నా చాలా తక్కువగానే తగ్గుతుంది. కొన్నేళ్లు దాటిన కూలరైతే విప్పి, పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది వేయటం నాలుగవ ఉపాయం. దానికయ్యే ఖర్చు స్వల్పమే.

ఇవన్నీ చేసినా సరిపోకపోతే పెద్ద గాలి కూలరునైనా, నీటి ఏర్పాటునైనా ఎంచుకోవాలి. గాలి కూలరులో ఫ్యాను చెడితే ప్రాసెసరు మందగిస్తుంది, అంతే. నీటి ఏర్పాటులో కీలు వదిలితే నష్టపోయేది ప్రాసెసరు కాదు. దాని కింద ఉండే గ్రాఫిక్స్ కార్డు, అడుగున ఉండే ఎస్.ఎం.పి.ఎస్. ఈ తేడాను తెలిసి ఎంచుకోవాలి.

నీటి ఏర్పాటులో రెండు రకాలున్నాయి. బ్లాకు, పంపు, గొట్టాలు, రేడియేటరు అన్నీ కర్మాగారంలోనే కలిపి, నీరు నింపి, మూసి అమ్మేది ఒకటి. విడివిడి భాగాలు కొని మనమే కూర్చుకునేది రెండవది. తొలిసారి ప్రయత్నించేవారికి మొదటిదే మేలు. రెండింటిలోనూ బ్లాకును ప్రాసెసరుకు బిగించే విధానం ఒకటే.

బ్లాకు మన ప్రాసెసరు సాకెట్‌కు సరిపోవాలి. ఉదాహరణకు ఇంటెల్ 1200 సాకెట్‌లో బిగింపు రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ. కాగా 1700 సాకెట్‌లో 78 మి.మీ. మూడు మిల్లీమీటర్ల తేడాయే అయినా పాత పట్టీ కొత్త బోర్డుకు పట్టదు. విడిభాగాలు కొనేవారు లోహాలను కూడా గమనించాలి. రాగి బ్లాకుకు రాగి లేక ఇత్తడి రేడియేటరే తగినది. రాగినీ అల్యూమినియాన్నీ ఒకే నీటిలో కలిపితే అల్యూమినియం క్రమంగా తినివేయబడుతుంది. రాగి, అల్యూమినియం కేబుళ్లను నేరుగా కలపకుండా బైమెటాలిక్ లగ్గు వాడే మన ఎలక్ట్రీషియన్లకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

బ్లాకును కూర్చోబెట్టే విధానం

పని ప్రారంభించే ముందు కంప్యూటరులోని ముఖ్యమైన ఫైళ్లకు మరొక డిస్కులో నకలు తీసుకోవాలి. ప్రాజెక్టు నివేదిక, కుటుంబ ఛాయాచిత్రాలు బజారులో దొరికే సరుకులు కావు. తరువాత ప్లగ్గును పూర్తిగా ఊడదీసి, క్యాబినెట్‌ను బల్లపై వెల్లకిల పడుకోబెట్టాలి. శరీరంలోని స్థిరవిద్యుత్తు పోయేందుకు క్యాబినెట్ లోహభాగాన్ని ఒకసారి ముట్టుకోవాలి.

పాత కూలరును విప్పేటప్పుడు బలంగా పైకి లాగరాదు. థర్మల్ పేస్టు గట్టిపడి అతుక్కుని ఉంటుంది. ఏ.ఎం.డి. సంస్థ ఏ.ఎం.4 సాకెట్‌లో అలా లాగితే కూలరుతో పాటు ప్రాసెసరు కూడా ఊడివచ్చి, దాని సూదులు వంగే ప్రమాదమున్నది. విప్పే ముందు కంప్యూటరును కాసేపు నడిపి పేస్టును వెచ్చబరచి, ఆపివేసిన తరువాత కూలరును కుడి ఎడమలకు మెల్లగా తిప్పుతూ విడదీయాలి.

ప్రాసెసరు లోహపు మూతపై మిగిలిన పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, నూలుపోగులు రాని గుడ్డతో తుడవాలి. బ్లాకు అడుగుభాగాన్ని కూడా అలాగే శుభ్రం చేయాలి. కొత్త బ్లాకు అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అతికించి ఉండవచ్చు. దానిని తప్పక ఊడదీయాలి. కంటికి కనబడీ కనబడని ఆ పొర ఉండిపోతే తక్కినదంతా వ్యర్థమే.

ఇప్పుడు థర్మల్ పేస్టు. నున్నగా కనిపించే రెండు లోహతలాలను ఆనించినా అవి నిజానికి కొన్ని చోట్ల మాత్రమే తాకుతాయి. మిగిలిన సందులలో గాలి ఉంటుంది. గాలి ఉష్ణవాహకత 0.026, సాధారణమైన మంచి పేస్టుది 8 దాకా ఉంటుంది, రాగిది సుమారు 400. అనగా పేస్టు గాలికన్నా 300 రెట్లు మేలు, రాగికన్నా 50 రెట్లు నాసి. కనుక పేస్టు పని సందులలోని గాలిని వెళ్లగొట్టటమే కాని, రెండు లోహాల మధ్య పరుపులా పరుచుకోవటం కాదు. 10 చదరపు సెంటీమీటర్ల తలం మీద 250 వాట్లు పోతున్నదనుకుంటే, పేస్టు మందం మి.మీ.లో 20వ వంతు ఉన్నప్పుడు దాని వల్ల పెరిగేది ఒకటిన్నర డిగ్రీలే. మందం మి.మీ.లో ఐదవ వంతైతే ఆరు డిగ్రీలు దాటుతుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలనేది ఇక్కడ చెల్లదు. చిన్న ప్రాసెసరుకు మధ్యలో బఠాణీ గింజంత, పొడవాటి ప్రాసెసరుకు మూల నుంచి మూలకు రెండు సన్నని గీతలు వేస్తే చాలు. బ్లాకు ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. లోహద్రవం పేరుతో అమ్మే గాలియం మిశ్రమాలను కొత్తవారు వాడరాదు. అవి విద్యుద్వాహకాలు, పైగా గాలియం అల్యూమినియాన్ని పాడుచేస్తుంది.

బోర్డు వెనుక వచ్చే ఆధారపు పట్టీని, నాలుగు నిలువు స్తంభాలను ముందుగా అమర్చుకోవాలి. ఏ.ఎం.5 సాకెట్‌లో మాత్రం బోర్డుతో వచ్చిన వెనుక పట్టీనే ఉంచాలి. పేస్టు వేసిన తరువాత బ్లాకును నిటారుగా దించాలి. ఒకసారి ఆనించాక ఎత్తి మళ్లీ పెడితే పేస్టులో గాలి బుడగలు చిక్కుకుంటాయి. అలా జరిగితే తుడిచి, తిరిగి వేయటమే మార్గం.

స్క్రూల బిగింపు ఈ పని మొత్తానికి ప్రాణం. పైపులైను ఫ్లాంజి బోల్టులను మన ఫిట్టర్లు ఎలా బిగిస్తారో గుర్తు చేసుకోండి. ఒక బోల్టును పూర్తిగా బిగించి తరువాతి దానికి పోరు. ఎదురెదురు బోల్టులను కొద్ది కొద్దిగా, విడతలుగా బిగిస్తారు. ఇక్కడా అంతే. నాలుగు స్క్రూలనూ చేతితో రెండు మరలు పట్టించి, ఆపై మూలకు ఎదురు మూలగా ఒక్కొక్క చుట్టు తిప్పుతూ పోవాలి. ఒక పక్క ముందే బిగిస్తే బ్లాకు ఒరుగుతుంది. పేస్టు ఒకవైపు పలుచబడి, రెండవవైపు మందంగా మిగులుతుంది. చాలా బ్లాకులలో ఒత్తిడిని స్ప్రింగులు నిర్ణయిస్తాయి. స్క్రూ సహజంగా ఆగిన చోట మనమూ ఆగాలి. బలం చూపితే మదర్‌బోర్డు వంగుతుంది.

విడిభాగాల ఏర్పాటులో మరో రెండు జాగ్రత్తలు. బ్లాకుకు ఉన్న రెండు రంధ్రాలలో నీరు లోనికి పోవలసినది ఏదో గుర్తు ఉంటుంది. లోనికి వచ్చిన నీరు ముందుగా వేడి అధికంగా ఉండే మధ్యభాగపు సన్నని కాలువలపై పడేలా లోపల ఒక పలక అమర్చి ఉంటుంది. గొట్టాలు తారుమారైతే నీరు తిరుగుతుంది కాని ఉష్ణోగ్రత కొంత పెరుగుతుంది. రెండవది, గొట్టాల ఫిట్టింగులు. ఇవి మనకు తెలిసిన పావు అంగుళం సమాంతర పైపు మరలు. నీటిని ఆపేది మర కాదు, ఓ-రింగు. టెఫ్లాన్ టేపు చుట్టరాదు, స్పానరుతో బిగించరాదు. చేతి బిగింపు చాలు. అతిగా బిగిస్తే ఓ-రింగు నలిగి చిట్లుతుంది, లేదా బ్లాకు పైనున్న అక్రిలిక్ మూత పగులుతుంది.

అన్నీ కలిపి వచ్చే రకాన్ని బిగించేవారు రేడియేటరు స్థానం గమనించాలి. అందులో కొద్దిపాటి గాలి ఎప్పుడూ ఉంటుంది. అది ఎత్తైన చోటికి చేరుతుంది. పంపు ఉన్న భాగం అన్నిటికన్నా ఎత్తున ఉంటే గాలి అక్కడే చేరి చప్పుడు చేస్తుంది, పంపు త్వరగా అరుగుతుంది. రేడియేటరు క్యాబినెట్ పైభాగాన ఉండటం శ్రేష్ఠం.

నీరు, లీకు పరీక్ష

విడిభాగాల ఏర్పాటులో స్వేదనజలమే పోయాలి. బోరు నీరు, కుళాయి నీరు సరేసరి, ఇంట్లోని ఆర్.ఓ. యంత్రం నీటిలోనూ లవణాలు ఉంటాయి. స్వేదనజలంలో కూడా తుప్పు నిరోధకం, నాచు పట్టకుండా చేసే మందు కలపాలి. లేదా ఇందుకోసమే కలిపి అమ్మే ద్రవాన్ని వాడాలి. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును అంతగా ప్రసరింపనీయదన్నది నిజమే. కాని లోహాలను తాకుతూ తిరిగే నీరు ఎంతోకాలం స్వచ్ఛంగా ఉండదు. బోర్డు మీది దుమ్ములో పడితే ఒక్క క్షణం కూడా ఉండదు. ఆ నమ్మకంతో లీకును ఉపేక్షించరాదు.

కొత్త పైపులైనును హైడ్రో టెస్టు చేయకుండా మనం సర్వీసులో పెట్టము. ఇక్కడా అదే నియమం. గేజీ ఉన్న చిన్న చేతిపంపుతో అర బారు పీడనం వరకు గాలి ఎక్కించి, అరగంట సేపు ముల్లు కదలకుండా ఉన్నదేమో చూడటం మొదటి పరీక్ష. తయారీదారు చెప్పిన పరిమితిని మించరాదు. వర్క్‌షాపు కంప్రెసరు జోలికి అసలే పోరాదు. తరువాత నీరు నింపాలి. అప్పుడు మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు పోయే విద్యుత్ కేబుళ్లన్నీ ఊడదీసి, ఎస్.ఎం.పి.ఎస్.ను విడిగా నడిపే జంపర్ ప్లగ్గుతో పంపు ఒక్కదానినే నడపాలి. ప్రతి కీలు కింద కాగితపు రుమాలు పరచి ఉంచాలి. తడి తగిలితే దానిపై మరక పడుతుంది. పంపు నీరు లేకుండా క్షణం కూడా నడవరాదు. కొద్దికొద్దిగా నడిపి ఆపుతూ, తొట్టిలో నీరు తగ్గినప్పుడల్లా నింపుతూ, గాలి బుడగలు బయటపడేలా క్యాబినెట్‌ను అటూ ఇటూ వంచాలి. ఒక పూర్తి రోజు ఇలా నడిచి, రుమాళ్లు పొడిగా ఉంటేనే మిగిలిన కేబుళ్లు కలపాలి. ఇంటి గోడ సాకెట్‌లో ఎర్త్ సక్రమంగా ఉన్నదో లేదో కూడా ఈ సందర్భంలోనే పరీక్షింపజేసుకోవటం ఉత్తమం.

నడిచిన తరువాత: రెండు ఉష్ణోగ్రతలు

తొలిసారి కంప్యూటరును వేయగానే బయోస్‌లో పంపు తిరుగుతున్నదో లేదో చూడాలి. పంపును పూర్తి వేగంలోనే ఉంచాలి. ఫ్యాన్లను అవసరం మేరకు తగ్గించుకోవచ్చు. తరువాత పూర్తి భారంతో అరగంట నడిపి మూడు అంకెలు వ్రాసుకోవాలి: గది ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత, ప్రాసెసరు ఉష్ణోగ్రత. షిఫ్టు లాగ్‌బుక్కు వ్రాసే అలవాటు ఉన్నవారికి ఇది సులువు. ప్రాసెసరు ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. జనవరిలో 75 ఉన్నది మేలో 90 కావటం సహజం. వాటి మధ్య తేడాలే అసలు సంగతి చెబుతాయి.

ఈ తేడాలను బట్టి లోపం ఎక్కడున్నదో విప్పి చూడకుండానే కనిపెట్టవచ్చు. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కటానికి 250 వాట్లకు సుమారు 17 సెకన్లు పడుతుంది. కనుక నీరు ఎప్పుడూ నెమ్మదిగానే వేడెక్కుతుంది. భారం పడిన కొద్ది సెకన్లకే ప్రాసెసరు 100 డిగ్రీలకు ఎగబాకి, నీరు మాత్రం చల్లగా ఉన్నదంటే, వేడి నీటిని చేరటం లేదన్నమాట. పంపు తిరుగుతూ ఉంటే లోపం బిగింపులోనో, పేస్టులోనో, ఊడదీయని ప్లాస్టిక్ పొరలోనో ఉన్నది. అలా కాక పావుగంట, అరగంట గడిచే కొద్దీ నీరు, ప్రాసెసరు రెండూ కలిసి మెల్లగా పెరుగుతుంటే లోపం రేడియేటరు వైపు ఉన్నది: దుమ్ము పట్టిన రెక్కలు, ఆగిన ఫ్యాను, గాలి ఆడని మూల. మొదటి లోపానికి రెండవ దాని చికిత్స చేసి, ఇంకా పెద్ద రేడియేటరు కొని డబ్బు పోగొట్టుకోవద్దు.

రేడియేటరు దుమ్మును నెలకొకసారి, మన వంటి చోట్ల ఇంకా తరచుగా శుభ్రం చేయాలి. విడిభాగాల ఏర్పాటులో ద్రవాన్ని సుమారు ఏడాదికొకసారి మార్చాలి. మూసి వచ్చే రకంలో మార్చే పని లేదు. కాని గొట్టాల గోడల గుండా నీరు ఏళ్ల తరబడి అణువణువుగా తగ్గుతుంది, పంపు కూడా అరుగుతుంది. అది కొన్నేళ్ల వస్తువే కాని శాశ్వతం కాదని గుర్తించి, వారంటీ షరతులను ముందే చదువుకోవాలి. లీకు వల్ల ఇతర భాగాలకు కలిగే నష్టం అందులో చేరుతుందా లేదా అన్నది ప్రత్యేకంగా చూడవలసిన విషయం.

పిల్లలు ఈ పని చేస్తామంటే వారించనక్కరలేదు. ఇంట్లో ఫిట్టరుగానో, ఎలక్ట్రీషియనుగానో అనుభవం ఉన్న పెద్దవారు పక్కన కూర్చుంటే చాలు. ఫ్లాంజి బిగింపు, లీకు పరీక్ష, లాగ్‌బుక్కు ఇవన్నీ మనం దశాబ్దాలుగా కర్మాగారంలో నేర్చిన విద్యలే. అవి ఈ చిన్న పెట్టెలోనూ అక్షరాలా పనికివస్తాయని తెలిస్తే, తల్లిదండ్రులు చేసే పని ఏమిటో పిల్లలకూ మరికొంత బోధపడుతుంది.

ఇళ్లలో ఇన్వర్టరు బ్యాటరీల సంరక్షణ గురించి పలువురు పాఠకులు అడిగారు. వచ్చే సంచికలో ఆ విషయం ముచ్చటించుకుందాం. సెలవు.